పాలియకట్టా కాట్రైన్

కేప్‌టౌన్ పాత రికార్డుల్లో ఒకామె పేరు ‘పాలియకట్టా కథరీనా’ అని కనిపిస్తుంది. పాలియకట్టా అంటే మన పులికాట్. తోటివాళ్లు ఆమెను ‘గ్రోటె కాట్రైన్’ అన్నారు, అంటే పెద్ద కాట్రైన్. బటావియాలో (ఇప్పటి జకార్తా) బానిస, అక్కడి కోర్టు లెక్కలో హంతకురాలు, ఆఫ్రికా దక్షిణపు కొసన ద్వీపాంతర ఖైదీ, కమాండర్ దొరల బట్టలు ఉతికిన మనిషి, పెళ్లి కాకుండానే కొడుకును కన్న తల్లి. ఇన్ని ఒకే ఆడమనిషి ఖాతాలో ఉన్నాయి.

మాది సూళ్లూరుపేట పక్క పల్లె. ప్రళయకావేరి, అంటే పులికాట్ సరస్సు, ఈ ఒడ్డున తడ, సూళ్లూరుపేట. ఆ కొసన పులికాట్ ఊరు. ఏటా చలికాలంలో కొంగలను చూడ్డానికి బస్సుల్లో దిగే జనంలో కొందరు పులికాట్ దాకా పోయి డచ్చివాళ్ల సమాధుల తోట కూడా చూసొస్తారు. వాకిలికి అటొకటి ఇటొకటి రాతిలో చెక్కిన అస్థిపంజరాలుంటాయి కదా, వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. లోపల పడుకున్నవాళ్లంతా డచ్చి ఈస్టిండియా కంపెనీ అధికారులు, వాళ్ల భార్యలు. తాళి కట్టించుకున్న ఆడవాళ్లకు, అంటే వాళ్ల పద్ధతిలో చర్చిలో పెళ్లాడినవాళ్లకు, నల్లరాతి మీద పేర్లున్నాయి. ఊళ్లో పుట్టిన ఆడపిల్లలకు లేవు. నేను కాట్రైన్ కథలో పడ్డది అక్కడే. మా సరస్సు ఒడ్డున పుట్టి డచ్చివాళ్ల కాగితాల్లో ఇంతగా మిగిలిన ఆడది మరొకరు నాకు తెలియదు, ఆ మిగలడం కూడా కోర్టు మెట్లెక్కినందువల్లే.

పులికాట్‌లో డచ్చివాళ్లు 1610లో కాలు పెట్టారు. అప్పటికి అది చంద్రగిరి రాయల కింద, వెంకటపతి రాయల రాణి గొబ్బూరి ఓబాయమ్మ అధీనంలో ఉండేది. పోర్చుగీసువాళ్లు ఒకసారి వచ్చి కొట్టిపోయాక డచ్చివాళ్లు 1613 నాటికి గెల్డ్రియా కోట పూర్తి చేశారు. చాలాకాలం కోరమాండల్ తీరానికంతటికీ వాళ్ల రాజధాని అదే. ఇక్కడి అద్దకం బట్ట, గళ్ల రుమాలు ఓడలెక్కి తూర్పుదీవులకు పోయేవి, వాటికి మారుగా లవంగం, జాజికాయ దొరికేవి. కోటలో తుపాకిమందు చేసేవాళ్లు, నాణేలు కొట్టేవాళ్లు. కాట్రైన్ పుట్టింది 1631 ప్రాంతంలో. ఆమె పసిపిల్లగా ఉన్న ఆ ఏళ్లలోనే, 1632 నుంచి 1642 దాకా, అబ్రహామ్ రోజేరియస్ అనే పాదిరి ఆ కోటలో ఉన్నాడు. పద్మనాభుడనే బ్రాహ్మణుణ్ని కూర్చోబెట్టుకొని భర్తృహరి సుభాషితాలు చెప్పించుకున్నాడు, హిందువుల ఆచారాల మీద పెద్ద పుస్తకమే రాశాడు. 1651లో అది అచ్చయింది. భర్తృహరి యూరప్‌కు పోయింది మా పులికాట్ మీదుగానే అని చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంటుంది. అదే రేవు నుంచి పిల్లలు కూడా పోయారు, అది చెప్పుకోవడానికి మాత్రం నోరు రాదు.

బట్టతో పాటు మనుషులు కూడా ఆ రేవులో సరుకే. 1614లో వెంకటపతి రాయలు పోయాక గొబ్బూరి జగ్గరాయడికీ వెలుగోటి యాచమ నాయకుడికీ మధ్య నడిచిన వారసత్వపు పోరు మన నెల్లూరు, వెంకటగిరి వాళ్లకు కొత్త కథ కాదు. తోపూరు యుద్ధంలో ఎవరు గెలిచారో పాఠాల్లో చదువుకున్నాం. ఊళ్లు పాడై, పంటలు పోయి, కరువొచ్చినప్పుడు జనం ఏమయ్యారో ఆ పాఠాల్లో లేదు. 1622, 23లలో పులికాట్, దేవనాంపట్టణం లాంటి రేవుల నుంచి కంపెనీ దాదాపు 1,900 మందిని బానిసలుగా ఎక్కించింది. చేతిలో డబ్బుంటే ఇంకో రెండు వేల మందిని కొనేవాళ్లమని ఇక్కడి ఉద్యోగులు పైవాళ్లకు రాసుకున్నారు. కొనేవాడికి డబ్బు కొరత తప్ప అమ్ముడుపోయేవాళ్లకు కొరత లేదన్నమాట. గింజల కోసం తల్లిదండ్రులే పిల్లల్ని అమ్ముకున్న ఏళ్లవి. ఆ తర్వాత కూడా యుద్ధమో కరువో వచ్చిన ప్రతిసారీ ఈ బేరం లేచేది.

అలాంటి బేరంలోనే కాట్రైన్ కూడా ఓడెక్కి ఉండాలి. బటావియాలో ఆమె ఇంటి బానిస. క్లాస్ అనే మలబారు బానిసతో ఆమెకు సంబంధం ఉంది. 1656లో ఇద్దరికీ గొడవై, అతను మీద పడి కొడితే ఆమె తిరిగి కొట్టింది. ఆ దెబ్బకు అతను చచ్చిపోయాడు. కోర్టు మరణశిక్ష వేసింది. గవర్నర్ జనరల్ యోవాన్ మాట్‌సౌకర్ దాన్ని తగ్గించి, బతికినన్నాళ్లూ గుడ్‌హోప్ అగ్రంలో, అంటే కేప్‌లో, ఉండమని ద్వీపాంతరం పంపాడు. ఆత్మరక్షణ అని ఇవాళ మనం అంటాం. ఆనాటి కోర్టు ఆ మాట ఎంతవరకు విన్నదో శిక్ష చూస్తే తెలుస్తుంది, కాకపోతే ఉరితాడు దాకా తీసుకుపోయి వెనక్కి తెచ్చింది కాబట్టి కొంత విన్నదనే అనుకోవాలి. అలా 1657 ఫిబ్రవరిలో, పాతికేళ్ల వయసులో, ఆమె కేప్‌లో దిగింది. కేప్‌కు ఖైదీగా వచ్చినట్టు రికార్డులో ఉన్న మొదటి ఆడమనిషి ఆమే.

అప్పటికి కేప్ ఒక ఊరు కాదు. యాన్ ఫాన్ రీబేక్ 1652లో వచ్చి మట్టిగోడల కోట కట్టుకుని, దారినపోయే ఓడలకు కూరగాయలు, మంచినీళ్లు, మాంసం అందించడానికి పెట్టిన మజిలీ అది. వాన పడితే గోడలు కరిగేవి. పెద్ద ఎత్తున బానిసల్ని దించింది ఆమె వచ్చిన మరుసటి ఏడు, 1658లో: ఒక ఓడ అంగోలా వాళ్లను, మరొకటి పశ్చిమాఫ్రికా వాళ్లను తెచ్చింది. అంటే కాట్రైన్ వచ్చేనాటికి కోటలో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వందమందికి పైగా ఒంటరి మగవాళ్ల మధ్య కొద్దిమంది ఆడవాళ్లుండే చోటు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆమెకు అప్పజెప్పింది బట్టలుతికే పని. ఫాన్ రీబేక్ దొరగారింటి బట్టలతో మొదలై, తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చిన కమాండర్ల ఇళ్ల బట్టలు కూడా ఆమే చూసింది. టేబుల్ మౌంటెన్ మీద నుంచి దిగే వాగే రేవు. ఎండ ఉన్న రోజు కూడా ఆగ్నేయం గాలి లేస్తే ఆరేసిన బట్ట నిలవని చోటు అది. దొరలు మారారు, ఉతికే మనిషి మారలేదు. ఈ పనిలో ఒక సౌలభ్యం ఉంది, దీన్ని చరిత్రకారులకంటే మా ఊరి చాకలి ఆడవాళ్లు బాగా చెప్పగలరు: ఇంటి గుట్టు బట్టల్లో బయటపడుతుంది, అందుకని ఉతికేవాళ్లను ఇంటాయన కాస్త మంచిగానే చూస్తాడు. ఖైదీ అయి ఉండి కూడా ఆమె కోటలో, దొర వాకిట్లో, రోజూ కనబడే మనిషి. ఆ తర్వాత ఆమెకు కలిసొచ్చిన వాటికి మూలం అక్కడే ఉందని నా ఊహ.

‘పెళ్లి కాని తల్లి’ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది తలవంపు. పొరుగువాళ్ల నోళ్లు, పుట్టింటి తలుపులు మూతపడటం, రాత్రికి రాత్రి బావి. కేప్‌లో ఆ తూకం వేస్తే లెక్క తప్పుతుంది. అక్కడ పెళ్లి అనేది ఇద్దరు ఇష్టపడితేనో, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనో జరిగేది కాదు. కంపెనీ అనుమతి ఉండాలి. సిపాయి అయిదేళ్ల ఒప్పందం మీద నెలకు తొమ్మిది గిల్డర్ల జీతానికి వచ్చినవాడు, ఆ గడువులో కంపెనీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. బానిస స్త్రీకి పెళ్లాడే హక్కే లేదు. ఆసియా ఆడదాన్ని పెళ్లాడినవాడు ఆమెను వెంటబెట్టుకుని హాలండ్ తిరిగిపోవడానికి కంపెనీ ఒప్పదు. పైగా మట్టికోటలో తొలి పదమూడేళ్లు స్థిరంగా పాదిరే లేడు. మొదటి పాదిరి 1665లో వచ్చాడు. అంతకుముందు బాప్తిస్మం ఇప్పించాలన్నా, దారిన పోయే ఓడలో పాదిరి ఉన్నాడేమోనని చూడాల్సిందే. ఆడది చెడిపోయి పెళ్లి కానిది కాదు, పెళ్లిని కంపెనీ తాళం వేసి దాచింది కాబట్టి పెళ్లి కానిది. కాట్రైన్ గురించి రాసే పెద్దమనుషులు ఆమె నడవడి మీద ఒక మాట విసిరినప్పుడల్లా నాకు ఈ తాళం సంగతి గుర్తు చేయాలనిపిస్తుంది.

కంపెనీ ఎవరికైనా తాళం తీసిందా అంటే, తీసింది. 1656లో యాన్ వౌటర్స్ అనే డచ్చి ఉద్యోగి బెంగాల్‌లో పుట్టిన కథరీనాను చర్చి పద్ధతిలో పెళ్లాడాడు, మొదట ఆమెకు స్వేచ్ఛ ఇప్పించాకే. అలాంటివి ఒకటీ అరా. మిగతావాళ్లు చీకట్లో కలుసుకున్నారు.

కాట్రైన్ విషయంలో ఆ చీకటి బయటపడింది 1667లో. హన్స్ క్రిస్టోఫెల్ స్నైమన్ అనే సిపాయి రాత్రి కావలి వదిలేసి ఆమె దగ్గరికి పోయాడు. దొరికిపోయాడు. కావలి విడిచిన సిపాయికి సైన్యంలో శిక్ష ఎప్పుడూ కఠినమే, అతణ్ని రాబిన్ ద్వీపానికి పంపారు. మండేలాను బంధించిన ద్వీపం అని మనకు ఇప్పుడు తెలిసినదే. అప్పట్లో అక్కడి ఖైదీల పని గవ్వచిప్పలు ఏరి సున్నానికి పంపడం, రాళ్లు కొట్టడం. కొత్తగా కడుతున్న రాతికోటకు ఆ సున్నం, ఆ రాయి కావాలి. పాత మట్టికోట పక్కన 1666లోనే పునాది పడింది. చూడండి, శిక్ష పడ్డది కావలి వదిలినందుకు. ఆడదాని దగ్గరికి పోవడం నేరంలో ఒక వివరం మాత్రమే.

1668 ఏప్రిల్ 29న కాట్రైన్ పెద్దవయసులో బాప్తిస్మం తీసుకుంది. అదే రోజు ఆమె పక్కన బాప్తిస్మం తీసుకున్నది బెంగాల్ ఏంజెలా, అందరూ ‘మాయ్ ఆన్సెలా’ అనే మనిషి. మరుసటి ఏడు, 1669 మార్చి 9న, కాట్రైన్ కొడుకు క్రిస్టోఫెల్‌కు బాప్తిస్మం అయింది. తండ్రి ద్వీపం పాలు, తల్లి జీవితఖైదీ, బిడ్డకు మాత్రం చర్చి పుస్తకంలో పేరు దక్కింది. తర్వాత తండ్రి ఇంటిపేరు కూడా నిలిచింది.

ఈ బాప్తిస్మాన్ని భక్తి కిందే లెక్కేస్తే సగమే అర్థమవుతుంది. డచ్చివాళ్ల చట్టంలో చర్చి పుస్తకమే జనన రికార్డు. పెళ్లి కాకుండా పుట్టినవాడికి తండ్రి ఆస్తి మీద హక్కు లేదు, తల్లి ఆస్తి మీద మాత్రం పూర్తి హక్కుంది. తల్లి దగ్గర అక్రమ సంతానం అనేదే లేదన్నది వాళ్ల న్యాయసూత్రం. హాలండ్‌లో అయితే పెళ్లికాని గర్భిణి నొప్పులు పడుతున్నప్పుడు మంత్రసాని తండ్రి పేరు అడిగేది, ఆ నొప్పుల్లో చెప్పిన పేరుకు కోర్టులో విలువ ఉండేది, పురుడు ఖర్చు, పోషణ ఖర్చు అడిగే దారి ఉండేది. కేప్‌లో ఆ దారి పట్టినా ఏం ప్రయోజనం? పేరు చెప్పేలోగా ఆ పేరుగలవాడు బటావియా ఓడలో ఉంటాడు. కానీ తల్లి వైపు సూత్రం కేప్‌లోనూ పనిచేసింది. తల్లి స్వతంత్రురాలై నాలుగు రాళ్లు వెనకేసుకుంటే అవి బిడ్డవే. అదే తల్లి కంపెనీ బానిస అయితే, బిడ్డా కంపెనీ ఆస్తే. తండ్రి తెల్లవాడైనా, నల్లవాడైనా, చర్చిలో తల తడిసినా ఆ లెక్క మారదు. పెళ్లి అయిందా లేదా అన్న ప్రశ్న కంటే తల్లి ఎవరి సొత్తు అన్న ప్రశ్నే పిల్లవాడి తలరాత రాసింది.

ఏంజెలా కథ ఈ సూత్రానికి మంచి ఉదాహరణ. ఆమె బానిసగా ఫాన్ రీబేక్ ఇంట్లో పిల్లలతో సహా ఉంది, ఆయన పోతూ గబ్బెమా అనే అధికారికి అమ్మాడు. గబ్బెమా 1666లో బటావియా వెళ్తూ ఆమెకూ పిల్లలకూ స్వేచ్ఛ రాసిచ్చాడు. మరుసటి ఏడే ఊళ్లో ఇంటిస్థలం సంపాదించింది. 1669లో ఆర్నాల్డస్ బాసన్ అనే జర్మన్‌ను పెళ్లాడింది. కూరగాయలు, పశువులు, చిల్లర బేరాలు, బానిసల కొనుగోలు: అన్నీ చేసింది. అవును, బానిసగా అమ్ముడుపోయిన మనిషే బానిసల్ని కొన్నది, దీన్ని దాచి ఆమెను దేవతను చేయడం నాకిష్టం లేదు. 1720లో పోయేనాటికి ఆమె ఆస్తి 14,000 గిల్డర్లకు పైన. పెళ్లికి ముందు పుట్టిన కూతురు అన్నా డె కోనింగ్ స్వీడన్ నుంచి వచ్చిన ఓలోఫ్ బెర్గ్ అనే అధికారికి భార్యయి, గ్రూట్ కాన్‌స్టాన్షియా ఇంటికి యజమానురాలైంది. ఆమె చిత్రపటం ఇవాళ్టికీ ఆ ఇంట్లో ఉంది.

ఈ రెండు కథలూ చదివి పెళ్లి దక్కితే చాలనుకుంటే, మూడో మనిషి అడ్డొస్తుంది. క్రోటోవా అక్కడి ఖోయి తెగ పిల్ల. చిన్నప్పటి నుంచి ఫాన్ రీబేక్ ఇంట్లో పెరిగి, డచ్చి నేర్చి, రెండు జనాల మధ్య దుబాసిగా ఉంది. డేన్మార్క్ వాడైన పీటర్ ఫాన్ మేర్‌హోఫ్ అనే వైద్యుడితో ఆమెకు పెళ్లికి ముందే ఇద్దరు పిల్లలు. 1664లో కోటలో, కంపెనీ దీవెనతో, ఘనంగా పెళ్లయింది. భర్తను రాబిన్ ద్వీపం మీద అధికారిగా వేశారు, తర్వాత మడగాస్కర్ యాత్రకు పంపారు, అక్కడ చంపేశారు. విధవై కేప్‌కు తిరిగొచ్చిన క్రోటోవా తాగుతోందని, పిల్లల్ని పట్టించుకోవడం లేదని చెప్పి పిల్లల్ని లాక్కున్నారు. ఆమెను ద్వీపానికి పంపారు, 1674లో చనిపోయింది. చర్చిలోనే పెళ్లయింది, బిడ్డలకు తండ్రి పేరుంది, అయినా బిడ్డలు దక్కలేదు. అదే కాలంలో, అదే కోటలో, కోర్టు శిక్ష పడ్డ పెళ్లికాని కాట్రైన్ కొడుకు తల్లి దగ్గరే పెరిగాడు. ఎందుకీ తేడా అంటే నాకు తోచే జవాబు ఒకటే. క్రోటోవాకు సొంత జనం ఉన్నారు, భూమి ఉంది, ఆమె ఎటు మొగ్గుతుందోనని కంపెనీకి అనుమానం. కాట్రైన్‌కు వెనక ఎవరూ లేరు, ఆమెతో కంపెనీకి ఏ రాజకీయమూ లేదు. ఎవరూ పట్టించుకోకపోవడం ఒక్కోసారి కాపాడుతుంది.

కాట్రైన్‌కు క్షమాభిక్ష దొరికింది. 1671లో ఆంటోనీ యాన్స్‌ను పెళ్లాడింది. అతను బెంగాల్ నుంచి బానిసగా వచ్చి విడుదలైనవాడు. బంగాళాఖాతం పైకొసన పుట్టినవాడూ కిందికొసన పుట్టినదీ, ఆఫ్రికాలో, డచ్చి పాదిరి ముందు, ఏ భాషలో మాట్లాడుకున్నా అది ఇద్దరికీ అమ్మభాష కాదు. పెళ్లినాటికి ఆమెకు నలభై ఏళ్లు. దంపతులిద్దరూ 1680ల మొదట్లోనే పోయారు. క్రిస్టోఫెల్ అప్పటికి ఇంకా మీసం రాని కుర్రాడు.

ఆమె పోయే సమయానికి కేప్ మారిపోతోంది. 1679లో కంపెనీ తన బానిసల కోసం ఊరిమధ్య కిటికీల్లేని పెద్ద ఇటుకకొట్టు కట్టించింది. ఇవాళ అది ఆడర్లీ వీధిలో మ్యూజియం. అందులో ఉండే ఆడవాళ్ల దగ్గరికి సిపాయిలు, ఓడమనుషులు సాయంత్రాలు వచ్చి పోయేవాళ్లు, అధికారులకు తెలిసే. తొలి ఇరవయ్యేళ్లలో కంపెనీ బానిస స్త్రీలకు పుట్టిన పిల్లల్లో సుమారు మూడొంతుల మందికి తండ్రులు యూరప్ వాళ్లేనని చరిత్రకారుల అంచనా. ఆ పిల్లల్లో ఎందరికి ఇంటిపేరు దక్కిందో వెతికితే అతికొద్దిమంది. 1685లో కమిషనర్ ఫాన్ రేడే వచ్చాడు, మలబారు మొక్కల మీద ‘హోర్టస్ మలబారికస్’ తయారు చేయించిన పెద్దమనిషే. ఆకుల్ని వర్గాలుగా విడదీసిన చేత్తోనే పిల్లల్నీ విడదీశాడు: తండ్రి తెల్లవాడైతే మగవాడు ఇరవయ్యయిదేళ్లకు, ఆడది ఇరవయ్యిరెండేళ్లకు విడుదల అడగొచ్చు, డచ్చి మాట్లాడాలి, చర్చిలో విశ్వాసం ఒప్పుకోవాలి. విడుదలైనా తల్లిదండ్రులిద్దరూ నల్లవాళ్లైన స్త్రీని మాత్రం తెల్లవాడు పెళ్లాడకూడదన్నాడు. అలాంటి నియమమే ఇరవయ్యేళ్ల ముందు ఉంటే ఏంజెలాకు బాసన్‌తో పెళ్లి జరిగేది కాదు. కాట్రైన్‌కు ఆ ఇబ్బంది ఎటూ లేదు, ఆమె చేసుకున్నది బెంగాలీనే.

క్రిస్టోఫెల్ స్నైమన్ మాత్రం ఆ నియమానికి అవతలి వైపు నుంచి నడిచొచ్చాడు. ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్ల మీద వేట మొదలయ్యాక కేప్‌కు చేరిన హ్యూగనాట్ కుటుంబాల్లో ఒకరు జాక్ డె సావోయ్, పేరున్న వర్తకుడు. 1690లో ఆయన కూతురు మార్గరీట్ క్రిస్టోఫెల్‌ను పెళ్లాడింది. తెల్లపిల్ల, నల్లతల్లి కొడుకు. డ్రాకెన్‌స్టైన్ లోయలో వాళ్ల కాపురం, ద్రాక్షతోటల సీమ. ఆ లోయకు ఆ పేరు ఫాన్ రేడే బిరుదును బట్టే పెట్టారు. కేప్‌లో ఆనాడు స్త్రీలకంటే పురుషులు చాలా ఎక్కువ, పెళ్లికూతురికి వరులకు కొరత లేదు, అయినా ఈ పెళ్లి జరిగింది. మామగారు దీన్ని ఎలా జీర్ణించుకున్నాడో గానీ ఆపలేదు. ఇవాళ దక్షిణాఫ్రికాలో స్నైమన్ ఇంటిపేరున్న ఆఫ్రికానర్ల మూలం ఈ జంటే.

1949లో అక్కడి ప్రభుత్వం తెల్లవాళ్లకూ ఇతరులకూ మధ్య పెళ్లిళ్లను చట్టంతో నిషేధించింది. ఆ నిషేధం 1985 దాకా నడిచింది. నడుస్తుండగానే 1971లో వంశవృక్షాల పరిశోధకుడు జె. ఎ. హీసె ఆఫ్రికానర్ల రక్తంలో ఏడు శాతం దాకా యూరపేతరులదేనని లెక్క కట్టాడు. 1984లో హన్స్ హీసె ఇంకో పుస్తకంలో కేప్ తొలినాళ్ల మిశ్రమ జంటల జాబితా ఇస్తే పత్రికల్లో దుమారం రేగింది, తమ ముత్తవ్వల పేర్లు అందులో చూసుకున్న పెద్దలకు కోపం వచ్చింది. వాళ్ల కోపం పెళ్లి కాకుండా పుట్టారని కాదు. అంతకంటే పెద్ద అవమానం వాళ్లకు, ఆ ముత్తవ్వ పులికాట్ నుంచో బెంగాల్ నుంచో వచ్చిందన్నది.